గోడకు పెట్టే డాలరు, గేటుకు పెట్టే డాలరు: అమెరికా–మెక్సికో బోర్డర్‌లో ఏది దేనికి పనికొస్తుంది?

అరిజోనాలోని టూసాన్ నుంచి దక్షిణంగా గంటకు కాస్త ఎక్కువ డ్రైవ్ చేస్తే నొగాలెస్ వస్తుంది. అరిజోనాలో ఒక నొగాలెస్, మెక్సికోలో ఇంకో నొగాలెస్. రెండింటి మధ్య గుట్టలెక్కుతూ, దిగుతూ తుప్పు రంగు ఇనుప స్తంభాల గోడ. స్తంభానికీ స్తంభానికీ నడుమ నాలుగంగుళాల సందు. ఆ సందుల్లోంచి అవతలి ఇంటి దండెం మీద ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి. "ఇంత గోడ ఉన్నా డ్రగ్స్ ఎలా వస్తున్నాయి బావా?" అన్నాను. మా బావ అప్పుడేం మాట్లాడలేదు. ఊరికి పడమటగా ఉన్న మారిపోసా గేటు (బండ్లు తనిఖీ అయి దాటే అధికారిక ద్వారం) దగ్గరికి తీసుకెళ్లి, అక్కడ బారులు తీరిన లారీలు చూపించి, "అవి గోడెక్కి రావు బావా, వీటిలో కూర్చుని వస్తాయి" అన్నాడు. తిరిగి ఫీనిక్స్ చేరేదాకా కార్లో అదే వాదన.

ఆ వాదనలో ఎటు మొగ్గాలో తేల్చుకోలేనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సిటిజన్‌షిప్ వచ్చి మొదటిసారి ఓటేయబోతున్నవాళ్లు కావచ్చు, వీసా మీద ఉండి టాక్సులు కడుతూ "నా డబ్బు ఎటు పోతోంది" అని చూసేవాళ్లు కావచ్చు. గోడ కట్టాలా వద్దా అనే ప్రశ్నకు ఇప్పుడు పెద్దగా అర్థం లేదు. 2025 జూలై 4న సంతకమైన చట్టంలో గోడకే 4,650 కోట్ల డాలర్లు ఇచ్చేశారు. అంత డబ్బుతో ఇంకేం చేయొచ్చు, ఏది ఎవరిని ఆపుతుంది అన్నదే ఇప్పుడు అడగాల్సింది.

## ముందు తేల్చుకోవాల్సింది: ఆపాలనుకునేది ఎవరిని?

"బోర్డర్ సమస్య" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, అందులో నాలుగు వేర్వేరు వ్యవహారాలున్నాయి. వీటిని కలగలిపేయడం వల్లే సగం వాదనలు తెగవు.

మొదటిది, ఎవరి కంటా పడకుండా దూరి జనంలో కలిసిపోవాలనుకునేవాళ్లు. రెండోది, దాటగానే బోర్డర్ పెట్రోల్ (సరిహద్దు గస్తీ దళం) ఏజెంట్‌ కోసం తామే వెతుక్కుని, ఎదురెళ్లి లొంగిపోయి అసైలం (ప్రాణభయం ఉందని ఆశ్రయం) అడిగేవాళ్లు. మూడోది డ్రగ్స్. నాలుగోది, వీసా మీద విమానంలో దర్జాగా దిగి, ఐ-94 (ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే కాగితం) గడువు అయిపోయాక కూడా ఉండిపోయేవాళ్లు.

నాలుగో రకానికీ గోడకూ సంబంధమే లేదు. విమానం ఆ గోడ మీదుగా ఎగిరి వస్తుంది. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు. అయినా గోడ మీద మాట్లాడే రాజకీయ నాయకులు "దేశంలో ఇంతమంది అక్రమంగా ఉన్నారు" అని మొత్తం లెక్క చెప్పేటప్పుడు వీళ్లను కూడా కలిపే చెబుతారు. అది గమనించండి.

రెండో రకం దగ్గరే చాలామంది పొరబడతారు. గోడ సరిగ్గా సరిహద్దు గీత మీద ఉండదు, అమెరికా నేల మీదే కాస్త లోపలికి ఉంటుంది. టెక్సస్‌లో రియో గ్రాండే నది దగ్గరైతే వరద కట్టల మీద కట్టారు. కొన్నిచోట్ల నదికీ గోడకూ మధ్య చాలా నేల మిగిలిపోయింది. నది దాటినవాడు గోడ దగ్గరికి రాకముందే అమెరికాలో ఉన్నట్టు. 1980 నాటి రెఫ్యూజీ చట్టం ప్రకారం అమెరికా నేల మీద అడుగు పెట్టినవాళ్లు అసైలం అడగొచ్చు (2025 జనవరిలో ఈ దారిని దాదాపు మూసేశారు, ఆ సంగతి కింద చెబుతాను). అలాంటి మనిషికి గోడ ఎక్కాల్సిన పనే లేదు. దాని నీడన కూర్చుని గస్తీ బండి కోసం ఎదురుచూస్తాడు.

ఏ ఆప్షన్‌ను తూచాలన్నా నేను ఈ సంగతులు చూస్తాను: నాలుగింటిలో దేన్ని ఆపుతుంది, కట్టడానికి ఎంత, నిలబెట్టడానికి ఎంత, పక్కకు ఏం నెట్టేస్తుంది, రేపు ప్రభుత్వం మారితే నిలుస్తుందా.

## గోడ

మొత్తం సరిహద్దు పొడవు సుమారు 1,954 మైళ్లు. ట్రంప్ మొదటిసారి రాకముందే 654 మైళ్ల మేర ఏదో ఒక రకం కంచె ఉంది. అందులో దాదాపు సగం మనుషుల్ని కాదు, బండ్లను మాత్రమే ఆపే పొట్టి దిమ్మెలు. 2006లో బుష్ సంతకం చేసిన సెక్యూర్ ఫెన్స్ చట్టం కింద వచ్చినవే ఎక్కువ. ట్రంప్ మొదటి విడతలో 738 మైళ్లకు ప్లాన్ వేసి 1,500 కోట్ల డాలర్లు సమకూర్చారు. 458 మైళ్లు పూర్తయ్యాయి. అందులో అంతకుముందు ఏమీ లేనిచోట కొత్తగా లేచిన ప్రధాన గోడ 52 మైళ్లే. మిగతాది చాలావరకు పాతది తీసి కొత్తది పెట్టడం. అయితే "52 మైళ్లేగా" అని తీసిపారేయడం కూడా అన్యాయం. మోకాలెత్తు దిమ్మెలు తీసేసి 30 అడుగుల గోడ పెడితే కాగితం మీద అది 'మార్పిడి'. అక్కడ దాటబోయే మనిషికి మాత్రం అది కొత్త గోడే.

ఖర్చు సంగతి. బుష్ కాలం చివర్లో మనుషుల్ని ఆపే కంచెకు మైలుకు 65 లక్షల డాలర్ల దాకా అయ్యేది. ట్రంప్ మొదటి విడత ప్లాన్‌లో సగటు మైలుకు 2 కోట్ల డాలర్లు. 2025లో అరిజోనాలో 27 మైళ్లకు ఇచ్చిన కాంట్రాక్టు 30.9 కోట్ల డాలర్లు, అంటే మైలుకు కోటికి పైనే. ఇంత తేడా ఎందుకంటే భూమి ఒక కారణం. కాలిఫోర్నియా, అరిజోనా, న్యూ మెక్సికోల్లో సరిహద్దు వెంట 60 అడుగుల వెడల్పు పట్టీని 1907లోనే థియొడోర్ రూజ్వెల్ట్ ప్రభుత్వానికి రిజర్వ్ చేసి పెట్టాడు. టెక్సస్‌లో ఆ సౌకర్యం లేదు. భూమి చాలావరకు రైతులది, రాంచర్లది. ఒక్కో ముక్కకూ నోటీసు, సర్వే, కోర్టు. టెక్సస్ రాష్ట్రం సొంతంగా గోడ మొదలుపెట్టి, 300 కోట్ల డాలర్లకు పైగా కేటాయించి, దాదాపు 65 మైళ్లు కట్టాక 2025లో కొత్త నిధులు ఆపేసింది. గోడను అంత గట్టిగా కోరుకున్న రాష్ట్రమే అక్కడ ఆగిందంటే భూమి వ్యవహారం ఎంత కష్టమో అర్థమవుతుంది.

ఇక పనిచేస్తుందా అంటే, ముందు నిమిషాల లెక్క తెలియాలి. ఊళ్లో సరిహద్దు దాటినవాడు ఒకటి రెండు నిమిషాల్లో వీధి మలుపు తిరిగి మాయమైపోతాడు. పొలాల దగ్గర గంటలు పడుతుంది. ఎడారిలో రోజులు నడవాలి. 30 అడుగుల గోడ ఎవరినైనా కొన్ని నిమిషాలు ఆలస్యం చేస్తుంది. స్తంభంలో కాంక్రీటు, ఇనుప రాడ్లు నింపి ఉంటాయి. అయినా ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరికే కరెంటు రంపంతో కోసేస్తారు, లేదా సన్నటి ఇనుప రాడ్లతో చేసిన నిచ్చెన ఆనిస్తారు. ఊరి పక్కన ఆ కొన్ని నిమిషాలకు ఎంతో విలువ, ఎందుకంటే ఏజెంట్ బండి నాలుగు వీధుల అవతలే ఉంటుంది. మూడు రోజులు నడవాల్సిన ఎడారిలో మాత్రం ఆ కొన్ని నిమిషాలు ఎవరికీ అక్కరకు రావు.

శాన్ డియాగో దీనికి మంచి ఉదాహరణ. 1992లో ఆ ఒక్క సెక్టార్‌లోనే (బోర్డర్ పెట్రోల్ సరిహద్దును పంచుకున్న విభాగాల్లో ఒకటి) 5.6 లక్షలకు పైగా అరెస్టులు. అప్పటి కంచె వియత్నాం యుద్ధంలో విమానాలు దిగడానికి పరిచిన ఇనుప పలకలతో చేసింది. పది అడుగుల ఎత్తు, పైగా అడ్డంగా ఉన్న గాడులు మెట్లలా ఉండేవి! 1994లో ఆపరేషన్ గేట్‌కీపర్ మొదలై రెండో వరుస కంచె, లైట్లు, రోడ్డు, రెట్టింపు ఏజెంట్లు వచ్చాక సంఖ్య పడిపోయింది. గోడ పక్షం వాళ్లు ఇక్కడ ఆపేస్తారు. నీరు పల్లమెరుగు అన్నట్టు, తూర్పున టూసాన్ సెక్టార్‌లో అరెస్టులు 1994లో 1.39 లక్షలుంటే 2000లో 6.16 లక్షలయ్యాయి. గోడ వ్యతిరేకులు ఇక్కడ ఆపేస్తారు. నాకు రెండూ సగం సగం కథలే. శాన్ డియాగో ఊరికి నిజంగా మేలు జరిగింది, దేశం మొత్తానికి అంత జరగలేదు. ఏది ముఖ్యమో మీరు ఎక్కడ ఇల్లు కొనుక్కున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆర్థికవేత్తల పరిశోధనలు కూడా అటూ ఇటూ ఉన్నాయి. బెంజమిన్ ఫైగెన్‌బర్గ్ లెక్కలో, కంచె కట్టిన మెక్సికన్ మునిసిపాలిటీ వాళ్ల వలస 27 శాతం తగ్గింది. అలెన్, డాబిన్, మోర్టెన్‌లు ఇంకో పద్ధతిలో చూసి, 2006 చట్టం వల్ల తగ్గుదల ఉంది గానీ చిన్నదేనని, రెండు దేశాల మధ్య వ్యాపార ఖర్చులు పావు వంతు తగ్గించి ఉంటే వలస అంతకన్నా ఎక్కువ తగ్గేదని తేల్చారు. ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో 2017లో ఇంకా మొహం మీదే చెప్పింది: కంచె ఎంత ఉపయోగపడిందో కొలిచే పద్ధతే బోర్డర్ సంస్థ దగ్గర లేదని.

మరమ్మతుల గురించి మాత్రం వ్యతిరేకులు అతి చేస్తారనిపిస్తుంది. 2019 నుంచి 2021 వరకు మూడేళ్లలో గోడను 3,272 సార్లు కోశారు. వినడానికి పెద్ద సంఖ్య. పూడ్చడానికైన ఖర్చు 26 లక్షల డాలర్లు, అంటే ఒక్కో కన్నానికి సుమారు 800. వందల కోట్లు పోసి కట్టినదానికి అదొక ఖర్చే కాదు. అసలు నష్టం డబ్బులో లేదు, కోసిన క్షణానికీ ఎవరో చూసిన క్షణానికీ మధ్య గడిచిన టైములో ఉంది. వానాకాలంలో ఇంకో తంటా. అరిజోనా వాగుల్లో వరదొస్తే కొట్టుకొచ్చిన చెత్త స్తంభాలకు అడ్డం పడి గోడ ఆనకట్ట అయిపోతుంది. అందుకని ఆ నెలల్లో వరద గేట్లు తెరిచిపెట్టాలి. 2021 ఆగస్టు వరదల్లో కొన్ని గేట్లు ఊడి కొట్టుకుపోయాయి కూడా.

ఎత్తు పెంచితే? నిచ్చెన పొడవు పెరుగుతుందన్నది పాత జోకు. అసలు పెరిగేది పడే ఎత్తు. శాన్ డియాగో ట్రామా సెంటర్ డాక్టర్లు లెక్క తీశారు. 30 అడుగులకు పెంచకముందు, 2016–18లో గోడ మీంచి పడి చేరినవాళ్లు 67 మంది. 2019–21లో 375 మంది. ముందు మూడేళ్లలో పడి చనిపోయినవాళ్లు లేరు, తర్వాతి మూడేళ్లలో 16 మంది. కాళ్లు, నడుం విరిగినవాళ్లకు వారాల తరబడి వైద్యం అయ్యేది ఇక్కడి ఆసుపత్రుల్లోనే. గోడ బడ్జెట్‌లో ఆ బిల్లు కనిపించదు.

## టవర్లు, కెమెరాలు, సెన్సర్లు

గోడ మనిషిని ఆలస్యం చేస్తుంది గానీ చూడలేదు. టవర్ చూస్తుంది గానీ ఆపలేదు. కాబట్టి గోడకు బదులు టవర్ అనేవాళ్లను నేను నమ్మను, టవర్ లేకుండా గోడ అనేవాళ్లను అంతకన్నా నమ్మను.

దీని గతం మాత్రం అంత గొప్పది కాదు. 2006లో ఎస్‌బీఐనెట్ అని మొత్తం సరిహద్దుకు 'వర్చువల్ గోడ' మొదలుపెట్టారు. దాదాపు 100 కోట్ల డాలర్లు అయ్యాక చూస్తే అరిజోనాలో 53 మైళ్లు వచ్చాయి. గాలికి పొద ఊగినా, వాన పడినా అలారం మోగేది. 2011 జనవరిలో హోంలాండ్ సెక్యూరిటీ (దేశ భద్రత) మంత్రి జానెట్ నపొలిటానో దాన్ని రద్దు చేశారు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో పనిచేసే మనవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించకపోవచ్చు.

తర్వాత వచ్చినవి నయం. ఇప్పటి టవర్లలో కొన్ని వచ్చింది ఆవా, మనిషా, బండా అన్నది తామే గుర్తుపట్టి ఏజెంట్ ఫోన్‌కు పంపుతాయి. కట్టడం తేలిక, తీసి ఇంకోచోట పెట్టొచ్చు, ఎవరి పొలమూ రెండు ముక్కలు కాదు. జంతువుల దారికి అడ్డం రాదు. ఇంకో సంగతి: గోడ కోసం అంత పట్టుబట్టిన ఇప్పటి ప్రభుత్వమే దాదాపు 535 మైళ్లు గోడ లేకుండా టెక్నాలజీతోనే కాపలా కాస్తామంటోంది. కొండలు, లోయలు అంత నిటారుగా ఉన్నచోట గోడ దండగని వాళ్లకూ తెలుసు.

లోటు ఒకటే. ఎడారిలో టవర్ మనిషిని కనిపెట్టినా అక్కడికి వెళ్లడానికి రోడ్డు, ఏజెంట్ ఉండాలి. లేకపోతే అది ఖరీదైన సినిమా చూడటమే.

## ఏజెంట్లు

1990ల మొదట్లో దేశం మొత్తం మీద బోర్డర్ పెట్రోల్ ఏజెంట్లు 4,000 చిల్లర. 2011 నాటికి 21,000 దాటారు. తర్వాత ఆ సంఖ్యను నిలబెట్టుకోవడమే కష్టమైంది. ఊరికి దూరంగా, ఎండలో, రాత్రి షిఫ్టుల్లో చేసే ఉద్యోగం. పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం) టెస్టులో చాలామంది ఆగిపోతారు. 2017లో ఒక కన్సల్టింగ్ కంపెనీకి 7,500 మందిని చేర్చే పని 29.7 కోట్ల డాలర్లకు అప్పజెప్పారు. మరుసటి ఏడాది ఆడిటర్లు చూసేసరికి 1.36 కోట్ల డాలర్లు చెల్లించారు, ఉద్యోగానికి ఒప్పుకున్నవాళ్లు ఇద్దరు.

ఏజెంట్ ఒక్కడే మొదటి రకాన్నీ రెండో రకాన్నీ రెంటినీ చూసుకోగలడు. అందుకే గోడకన్నా మనుషులే మేలని తోస్తుంది. కానీ జీతం, పెన్షన్ ప్రతి ఏటా ఇవ్వాలి. కంచే చేను మేసిన కేసులూ ఉన్నాయి, లంచం తీసుకుని బండ్లు వదిలేసి జైలుకెళ్లిన అధికారులున్నారు. హడావుడిగా చేర్చుకుంటే అవి పెరుగుతాయి.

## గేట్ల దగ్గర స్కానర్లు

మా బావ చూపించిన మారిపోసా గేటు దగ్గర 2019 జనవరిలో ఒక లారీ ఆగింది. లోడు దోసకాయలు. స్కాన్ చేస్తే ట్రెయిలర్ అడుగున నేల కింద ఏదో తేడా కనబడింది. తీసి చూస్తే 254 పౌండ్ల ఫెంటనిల్ (కొద్దిగా తీసుకున్నా ప్రాణం తీసే మత్తుమందు), 395 పౌండ్ల మెత్ అనే ఇంకో డ్రగ్. అప్పటికి దేశంలో ఒకేసారి దొరికిన ఫెంటనిల్‌లో అదే ఎక్కువ. గోడకు పక్కనే, అధికారిక గేటులోంచి, కాగితాలున్న లారీలో.

ఇదేదో ఒక్క ఘటన కాదు. పట్టుబడిన ఫెంటనిల్‌లో దాదాపు 90 శాతం గేట్ల దగ్గర, రోడ్ల మీది చెక్‌పాయింట్ల దగ్గర దొరికిందే. శిక్షపడ్డ ఫెంటనిల్ రవాణాదారుల్లో 80 శాతానికి పైగా అమెరికా పౌరులేనని అక్కడి శిక్షల కమిషన్ లెక్క. స్మగ్లర్ కోణంలో ఆలోచిస్తే ఇది సహజమే. అంత ఖరీదైన సరుకును ఎడారిలో దారి తప్పే మనిషి వీపు మీద ఎందుకు పెడతాడు? పాస్‌పోర్ట్ ఉన్న డ్రైవర్ కారు డోర్‌లో పెడతాడు. గోడ పక్షం వాళ్లు "గేట్ల దగ్గరే వెతుకుతారు కాబట్టి అక్కడే దొరుకుతుంది" అంటారు. న్యాయమైన ప్రశ్నే. పట్టుబడనిది ఎటు నుంచి వస్తుందో ఎవరికీ కచ్చితంగా కనిపించదు. అయినా వెతికే గేట్లలో కూడా ఎంత తక్కువ వెతుకుతున్నారో చూడండి: 2020 ప్రాంతంలో స్కానర్ కిందకు వెళ్లింది కార్లలో 2 శాతం, లారీల్లో 15 శాతం చుట్టుపక్కల. కార్లలో 40, లారీల్లో 70 శాతానికి తీసుకెళ్తామని లక్ష్యం పెట్టుకున్నారు.

ఇక్కడ నష్టపోయేది టైము. గేటు దగ్గర ఒక్కో లారీకి ఐదు నిమిషాలు కలిపితే క్యూ మైళ్ల కొద్దీ పెరుగుతుంది, టమాటాలు కుళ్లిపోతాయి. బండి దిగకుండానే, నడుస్తూనే స్కాన్ అయ్యే కొత్త పోర్టల్స్ వల్ల ఇది తగ్గింది. స్కానర్లు కొన్నాక బిగించడానికి డబ్బు లేక గోదాముల్లో పడి ఉన్న సందర్భమూ ఉంది. గోడ ముందు నిలబడి దిగిన ఫొటోకు వచ్చే ఓట్లు స్కానర్ ముందు దిగితే రావు, బహుశా అసలు చిక్కు అదే.

గోడకు అందని ఇంకో దారి కూడా చెప్పాలి. మెక్సికోలోని తిహువానా నుంచి శాన్ డియాగోకు 4,309 అడుగుల సొరంగం బయటపడిందని 2020 జనవరిలో ప్రకటించారు. సగటు లోతు 70 అడుగులు. లోపల పట్టాలు, గాలి గొట్టాలు, కరెంటు, లిఫ్ట్!

## రూల్స్, జడ్జీలు

నా అభిప్రాయం మారింది ఈ పట్టిక చూశాకే. ఆర్థిక సంవత్సరాల వారీగా (అక్టోబరు నుంచి సెప్టెంబరు) దక్షిణ సరిహద్దులో బోర్డర్ పెట్రోల్ పట్టుకున్నవాళ్లు:

| ఏడాది | పట్టుబడినవాళ్లు | గోడ, కంచె |
|---|---|---|
| 2020 | 4 లక్షలు | 700 మైళ్లకు దగ్గర |
| 2022 | 22 లక్షలు | దాదాపు అంతే |
| 2023 | 20.5 లక్షలు | దాదాపు అంతే |
| 2024 | 15.3 లక్షలు | దాదాపు అంతే |
| 2025 | 2.4 లక్షలు | దాదాపు అంతే |

గోడ అదే గోడ. సంఖ్య అయిదు రెట్లు పెరిగింది, తర్వాత తొమ్మిదో వంతుకు పడిపోయింది. 2020లో కోవిడ్ ఉందన్నది నిజం. 2022లో టైటిల్ 42 (కోవిడ్ పేరుతో పెట్టిన ఆరోగ్య నిబంధన) కింద వెంటనే వెనక్కి పంపడం వల్ల ఒకే మనిషి నాలుగుసార్లు లెక్కలోకి వచ్చాడన్నదీ నిజం. అవి తీసేసినా ఇంత హెచ్చుతగ్గులకు గోడ కారణం కాదు. 2024లో మెక్సికో తన వైపు గట్టిగా ఆపడం, జూన్‌లో బైడెన్ అసైలం మీద పరిమితి పెట్టడం, 2025 జనవరిలో ట్రంప్ అసైలం దారి దాదాపు మూసేయడం వల్ల తగ్గింది.

"చూశారా, రూల్ మారిస్తే చాలు" అని సంబరపడే ముందు దీని ధర కూడా చూడాలి. డాలర్లలో తక్కువే. కానీ నిజంగా ప్రాణభయంతో వచ్చినవాడికీ తలుపు మూసుకుంటుంది. సంతకంతో వచ్చింది సంతకంతో పోతుంది, కోర్టు కొట్టేస్తే అంతకు ముందే పోతుంది. ప్రభుత్వం మారినా గోడ నిలబడి ఉంటుంది, రూల్ ఉండదు. గోడ పక్షం వాదనల్లో నాకు అన్నిటికన్నా గట్టిగా తోచింది ఇదే.

మధ్యేమార్గం జడ్జీలు. 2024 చివరికి ఇమిగ్రేషన్ కోర్టుల్లో పెండింగ్ కేసులు 37 లక్షలు. జడ్జీలు 700 చిల్లర. అంటే ఒక్కొక్కరి బల్ల మీద ఐదు వేల ఫైళ్లు. కేసు తేలడానికి ఏళ్లు పడితే, కేసు బలం లేనివాడికి కూడా రావడం లాభమే: ఆ ఏళ్లన్నీ ఇక్కడే ఉండొచ్చు, పర్మిట్ తెచ్చుకుని పనిచేసుకోవచ్చు. ఆరు నెలల్లో తేల్చేస్తే నిజమైనవాడికి త్వరగా ఊపిరి ఆడుతుంది, కానివాడికి దాటించే దళారీకి లక్షలు కట్టి రావడంలో అర్థం ఉండదు. అయినా గోడకు 4,650 కోట్లు, డిటెన్షన్ సెంటర్లకు 4,500 కోట్లు ఇచ్చిన ఆ చట్టమే జడ్జీలు 800 దాటకూడదని పరిమితి పెట్టింది. 2025లో ఉన్నవాళ్లలోనే పదుల మందిని తొలగించారు. నాకు ఇది అర్థం కాలేదు.

## ఈ-వెరిఫై

ఎస్‌టీఈఎం ఓపీటీ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటివి చదివిన విదేశీ విద్యార్థులకు చదువయ్యాక ఇచ్చే పని అనుమతి) పొడిగింపు తీసుకున్నవాళ్లకు ఈ పేరు చెప్పక్కర్లేదు, కంపెనీ ఈ-వెరిఫైలో లేకపోతే ఎక్స్‌టెన్షనే రాదు. చేరేవాడికి ఇక్కడ పనిచేసే హక్కుందో లేదో సరిచూసే ఆ సాఫ్ట్‌వేర్‌ను దేశంలో ప్రతి యజమానికీ తప్పనిసరి చేస్తే, పని దొరకదు కాబట్టి రావడం తగ్గుతుందన్నది ఆలోచన. వీసా గడువు దాటినవాళ్ల మీద అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది ఇదే. అరిజోనాలో 2008 నుంచి తప్పనిసరి. ఖర్చు గోడతో పోలిస్తే చిల్లర. వేరేవాళ్ల కాగితాలతో చేరినవాళ్లను ఇది పట్టుకోలేదు, అరువు పేరైనా నంబరు సరైనదే కదా. దేశమంతా ఎందుకు పెట్టరంటే, పంట పొలాల్లో పనిచేసేవాళ్లలో దాదాపు 40 శాతానికి కాగితాలు లేవు. గోడ కావాలని అరిచే చాలామంది నాయకులు ఇక్కడికొచ్చేసరికి మెల్లగా మాట్లాడతారు.

## పక్కపక్కన పెడితే

| ఆప్షన్ | దొంగచాటుగా దాటేవాళ్లు | అసైలం అడిగేవాళ్లు | డ్రగ్స్ | వీసా గడువు దాటినవాళ్లు | ఇబ్బంది ఎక్కడ |
|---|---|---|---|---|---|
| గోడ | ఊళ్ల పక్కన బాగా, ఎడారిలో నామమాత్రం | ఆపదు | చాలా కొద్దిగా | ఆపదు | భూమి, గాయాలు, పక్కకు మళ్లడం |
| టవర్లు | ఏజెంట్ దగ్గరుంటే బాగా | ఆపవు | కొద్దిగా | ఆపవు | ఒంటరిగా పనికిరావు |
| ఏజెంట్లు | బాగా | పట్టుకుంటారు, ఆపలేరు | కొంత | ఆపరు | చేర్చుకోవడం, ఏటా జీతాలు |
| స్కానర్లు | బండ్లలో దాక్కున్నవాళ్లనే | ఆపవు | అన్నిటికన్నా బాగా | ఆపవు | క్యూలు |
| రూల్స్, జడ్జీలు | కొంత | అన్నిటికన్నా బాగా | ఆపవు | కొద్దిగా | రూల్స్ నిలవవు, జడ్జీలకు టైము పడుతుంది |
| ఈ-వెరిఫై | కొంత | తక్కువ | ఆపదు | కొంత | దొంగ కాగితాలు, పొలాల లాబీ |

## "మరి ఇజ్రాయెల్‌లో పనిచేసిందిగా?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఈజిప్టు వైపు సినాయ్ ఎడారిలో ఇజ్రాయెల్ 150 మైళ్ల కంచె కట్టింది. 2011లో 17,000 మంది దాకా దాటితే 2013లో 50 మంది కూడా లేరు. అంత స్పష్టమైన ఫలితం ఇంకెక్కడా కనపడదు. కానీ అది 150 మైళ్లు, ఇది 1,954. అక్కడ కాపలా కాసేది సైన్యం. పైగా 2012లో, దొరికితే విచారణ లేకుండా మూడేళ్ల వరకు బంధించే చట్టం కూడా తెచ్చారు (మరుసటి ఏడాది వాళ్ల సుప్రీంకోర్టు కొట్టేసింది). కంచె, సైన్యం, చట్టం మూడూ కలిసి చేసిన పనిని కంచె ఒక్కదానికే జమకట్టలేం.

## మీరు దేన్ని ముఖ్యమనుకుంటే ఏది?

ఫెంటనిల్ భయం ఉన్నవాళ్లకు, ముఖ్యంగా హైస్కూల్ పిల్లలున్నవాళ్లకు: గోడ మీద టెన్షన్ పెట్టుకోకండి. గేట్ల దగ్గర స్కానర్లు, వాటిని చూసే ఆఫీసర్లు, కుక్కలు. మీ కాంగ్రెస్ సభ్యుడిని అడగాల్సింది వాటి గురించే.

"మేం పదేళ్లుగా గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నాం, వాళ్లు నడిచొచ్చేస్తున్నారు" అన్న మంట చాలామందిలో ఉంది. నాలోనూ ఉండేది. కానీ ఆ క్యూ కదలనిది ఏడాదికి 1.4 లక్షల ఉద్యోగ గ్రీన్ కార్డులు, దేశానికి 7 శాతం అన్న పరిమితి వల్ల. గోడ చంద్రుడి దాకా కట్టినా మీ ప్రయారిటీ డేట్ (క్యూలో మీ చోటు చెప్పే తేదీ) ఒక్కరోజు ముందుకు జరగదు. ఆ కోపం న్యాయమైనదే, గోడ మాత్రం దానికి మందు కాదు. ఇంకో మాట: 2023లో అమెరికా సరిహద్దులన్నిటా పట్టుబడిన భారతీయులు దాదాపు 97,000. అందులో 30,000 మంది ఏ గోడా లేని కెనడా వైపు నుంచే. 2022 జనవరిలో ఆ దారిలోనే మూడేళ్ల బిడ్డతో సహా ఒక గుజరాతీ కుటుంబం నలుగురూ మంచులో గడ్డకట్టి చనిపోయారు.

మొత్తం సంఖ్య తగ్గాలి, అంతే అనుకునేవాళ్లకు: రూల్స్ త్వరగా పనిచేస్తాయి, జడ్జీలు నిలిచేలా పనిచేస్తారు. గోడ కావాలనుకుంటే వాటి తర్వాత.

శాన్ డియాగో, ఎల్ పాసో లాంటి సరిహద్దు ఊళ్లలో ఉన్నవాళ్లకు గోడ లాభం కళ్ల ముందు కనిపిస్తుంది. దాన్ని ఎగతాళి చేసే హక్కు దూరాన డాలస్‌లో కూర్చున్న నాకు లేదు. రియో గ్రాండే ఒడ్డున పొలం ఉన్నవాళ్ల సంగతి తిరగబడుతుంది. పొలం సగం గోడకు అవతల పడితే, సొంత తోటకు వెళ్లడానికి ప్రభుత్వం ఇచ్చిన గేటు కోడ్ నొక్కాలి.

మనుషుల ప్రాణాలు ముందు అనుకునేవాళ్లకు: ఒక్క 2022లోనే ఈ సరిహద్దులో 686 మంది చనిపోయారని, కనపడకుండా పోయారని ఐక్యరాజ్యసమితి వలసల సంస్థ లెక్క. ఊళ్ల దగ్గర గోడ కట్టి ఎడారిని తెరిచి ఉంచడం ఈ మరణాలకు ఒక కారణం. మీరు టవర్ల మీద పట్టుబట్టొచ్చు. టవర్ దాటేవాణ్నీ చూస్తుంది, దాహంతో పడిపోయినవాణ్నీ చూస్తుంది.

నా చేతికి 100 డాలర్లిస్తే 30 గేట్లకు, 30 జడ్జీలకు, 15 టవర్లకు, 10 రోడ్లకూ ఏజెంట్లకూ పెడతాను. మిగిలిన 15 గోడకు, అదీ ఊళ్ల పక్కన పాతబడిన చోట మార్చడానికి. బావ గోడకు పైసా ఇవ్వడు, 60 డాలర్లు స్కానర్లకే ఇస్తాడు. మా అక్క ఇద్దరి లెక్కలూ విని, ఏ అభ్యర్థి వచ్చినా తను రెండే అడుగుతానంది: ఏ మైలు దగ్గర కడతారు, అక్కడికి ఏజెంట్ బండి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?